పాత కారులో ఏబీఎస్ లైటు ఆరట్లేదా? పార్టు కొనేముందు లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రెండేళ్ళ కిందట వానాకాలంలో సింహాచలం కొండ మీంచి ఇంటికి దిగుతున్నాం, కింద గేటు దగ్గర బండి ఆపుదామని మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టా, స్పీడు మహా అయితే పది కిలోమీటర్లు ఉంటుందేమో, ఉన్నట్టుండి కాలి కింద పెడల్ గరగరమని వణికి, బండి అనుకున్న చోట ఆగకుండా ఇంకో మూడు అడుగులు ముందుకు జారి, ఎదరున్న ఆటో వెనక జానెడు దూరంలో ఆగింది. మీటర్ బోర్డులో ఏ లైటూ లేదు. వెనక సీట్లో అమ్మా పిల్లలూ. ఆ జానెడు దూరం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

వారం తర్వాత పసుపు రంగు ఏబీఎస్ లైటు (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు లాక్ అవకుండా చూసే ఏర్పాటుది) వెలిగి ఇంక ఆరలేదు. గ్యారేజీలో స్కానర్ పెట్టి ఎడమ ముందు చక్రం సెన్సర్ అన్నారు, మార్చారు, 4,200 అయింది, రెండో రోజే లైటు మళ్ళీ వచ్చింది. అప్పుడు మాడ్యూల్ (ఏబీఎస్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా) పోయింది, 38 వేలు అవుద్ది అన్నారు. అంత డబ్బు పెట్టేముందు నేనే కూర్చుని చూద్దామని మొదలుపెట్టాను, చివరికి దొరికింది ఏంటో దాని చోట చెప్తా గానీ అది మాడ్యూల్ కాదు, సెన్సర్ అంతకంటే కాదు. పదేళ్ళు దాటిన బండి ఉన్నవాళ్ళకి ఇదే జరుగుతోంది, అందుకే నేను చూసిన వరసలోనే మొత్తం రాస్తున్నా. స్పానర్ పట్టుకోవడం, మల్టీమీటర్ తిప్పడం కాస్త వస్తే చాలు, అవి రాకపోయినా మొదటి నాలుగు పనులు చాలావరకు ఎవరైనా చేసుకోవచ్చు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి, లేకపోతే తర్వాత చెప్పేవి అర్థం కావు. నాలుగు చక్రాల దగ్గరా ఒక్కో సెన్సర్ ఉంటుంది, దాని ఎదురుగా చక్రంతో పాటు తిరిగే పళ్ళ రింగు ఉంటుంది. ఒక్కో పన్ను సెన్సర్ ముందునుంచి పోయినప్పుడల్లా ఒక్కో పల్స్ కంప్యూటర్‌కి వెళ్తుంది, ఆ పల్సుల్ని బట్టి ఏ చక్రం ఎంత స్పీడులో ఉందో దానికి తెలుస్తుంది. బ్రేకు కొట్టినప్పుడు ఒక చక్రం మిగతావాటికంటే చాలా త్వరగా ఆగిపోతుంటే అది జారుతోందని అర్థం చేసుకుని ఆ చక్రానికి వెళ్ళే బ్రేకు ఆయిల్ ప్రెషర్ తగ్గించి, మళ్ళీ పెంచి, సెకనులో చాలాసార్లు ఇలా చేస్తుంది, మీ కాలికి తగిలే వణుకు అదే. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే కంప్యూటర్ చక్రాన్ని చూడదు, పల్సుల్ని మాత్రమే చూస్తుంది. పల్సు తప్పితే చక్రం ఆగిందనే అనుకుంటుంది.

మొదటి పని: లైటు ఎలా వెలుగుతోందో చూడండి

తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, ఏబీఎస్ లైటు వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరాలి. అస్సలు వెలగకపోతే బల్బు పోయినా పోవచ్చు, లేదా ఎవరో తీసేసి ఉండొచ్చు, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి, ఎందుకంటే బండి అమ్మాలని మీటర్ బోర్డు విప్పి ఆ బల్బు పీకేసినవాళ్ళు ఉన్నారు. మన దగ్గర 2019 ఏప్రిల్‌కి ముందు చాలా మోడళ్ళలో పైవేరియంట్లకే ఏబీఎస్ వచ్చేది, కాబట్టి మీ వేరియంట్‌కి అసలు ఉందో లేదో కూడా ఈ లైటుతోనే తెలిసిపోద్ది.

తాళం తిప్పినప్పటి నుంచి ఆరకుండా అలాగే ఉంటే ఏదో కరెంటు లైను తెగిపోయిందనుకోండి, అంటే ఫ్యూజు, సెన్సర్ వైరు, రిలే, కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు) లాంటివి. మొదట ఆరిపోయి బండి కదిలాక పది ఇరవై కిలోమీటర్ల స్పీడులో వస్తే కరెంటు లైను బాగానే ఉంది కానీ పల్సు రావట్లేదు, రింగు వైపు, రింగుకీ సెన్సర్‌కీ మధ్య ఉండే గ్యాప్ వైపు చూడాలి. చాలా కార్లలో ఆ స్పీడులోనే బ్రేకు ఆయిల్ ప్రెషర్ కోసం ఏబీఎస్‌లో ఉండే పంపు మోటారు ఒకసారి గుర్ మని తిరిగి తనను తాను చెక్ చేసుకుంటుంది కాబట్టి మోటారు లోపం కూడా అప్పుడే బయటపడొచ్చు. గుంతలో పడినప్పుడే వస్తే లూజు వైరు. వాన పడినప్పుడే వచ్చి ఎండకి పోతే కప్లర్‌లోకో చీలిన వైరులోకో నీళ్ళు వెళ్తున్నాయి. ఇవన్నీ ఒక కాగితం మీద తేదీతో రాసుకోండి, మెకానిక్ దగ్గరికి వెళ్ళినా ఆ కాగితమే సగం పని చేస్తుంది.

పసుపు లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ సాయం మాత్రం ఉండదు, గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అయిపోతాయి, వానలో ముందు బండికి దూరం ఎక్కువ వదలాలి. ఎర్రలైటు కూడా వెలిగితే ముందు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించారో లేదో చూడండి, దించినా ఉంటే బ్రేకు ఆయిల్ తగ్గిపోయి ఉండాలి, లేదా ముందు వెనక బ్రేకుల్ని సరిచేసే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండాలి. అలాంటప్పుడు బండి నడపకండి, గ్యారేజీవాళ్ళనే ఇంటికి పిలిపించండి. పెడల్ మెత్తగా కిందికి పోతుంటే కూడా అంతే, అది ఏబీఎస్ సంగతి కాదు, అసలు బ్రేకులకే సంబంధించింది.

రెండో పని: ఖర్చు లేని చెకింగులు

డబ్బాలో బ్రేకు ఆయిల్ రెండు మార్కుల మధ్యలో ఉందా చూడండి. నల్లగా డికాక్షన్‌లా ఉంటే మార్చాల్సిన టైము దాటిపోయింది, డాట్ 3, డాట్ 4 ఆయిళ్ళు గాల్లో తేమని లాక్కుంటాయి, లోపల తుప్పు తెస్తాయి. మూత మీద ఏది రాసుంటే అదే పొయ్యాలి.

బ్యాటరీ వోల్టేజీ చూడండి. బండి ఆపి ఉంచినప్పుడు 12.4 నుంచి 12.6 మధ్యలో, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్యలో ఉండాలి. బలహీనమైన బ్యాటరీతో సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ బాగా పడిపోయి ఏబీఎస్ లైటు ఊరికే వెలిగిపోద్ది, ఆల్టర్నేటర్ సరిగ్గా చార్జ్ చేయకపోయినా అంతే.

నాలుగు టైర్ల సైజూ ఒకటేనా? ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేస్తే, లేదా ఒకటి కొత్తది ఒకటి పూర్తిగా అరిగినది ఉంటే ఒక చక్రం ఎప్పుడూ వేరే స్పీడులో తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కి కనపడుతుంది. చిన్న స్టెప్నీ వేసుకుని నడిపినా ఇదే. గాలి కూడా సరిచూసుకోండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి, బ్రేకు లైట్లు వెలగాలి, పెడల్ దగ్గరుండే ఆ చిన్న స్విచ్ సమాచారం ఏబీఎస్‌కి కూడా వెళ్తుంది.

ఫ్యూజులు. ఏబీఎస్‌కి సాధారణంగా బానెట్ కింద పెట్టెలో రెండు పెద్దవి ఉంటాయి, ఒకటి పంపు మోటారుకి, ఒకటి వాల్వులకి, లోపల డ్యాష్‌బోర్డు కింద ఇంకో చిన్నది. కంటితో చూసి బాగుందనుకోకండి, మీటరుతో చూడండి, సన్నని పగులు కంటికి కనపడదు. కొత్తది వేయగానే మళ్ళీ పోతే ఎక్కడో షార్ట్ ఉంది, అక్కడ ఇంకా పెద్ద ఫ్యూజో, రాగి తీగో పెట్టారంటే వైరింగే కాలిపోద్ది.

మూడో పని: సరైన స్కానర్‌తో కోడ్ చదవడం

ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ ఈఎల్ఎమ్ 327 పరికరంతో మామూలు యాప్ పెట్టి చూస్తే అది ఇంజన్ లోపాల కోడ్లే చూపిస్తుంది, ఏబీఎస్ లైటు వెలుగుతున్నా "ఏ లోపమూ లేదు" అంటుంది. మీ కంపెనీ బండి ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట్లాడగలిగే స్కానర్ కావాలి, లేదా గ్యారేజీలో స్కాన్ ఒక్కటే చేయించుకుని, డబ్బులిచ్చి, కోడ్లు ఫోటో తీసుకుని వచ్చేయండి. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ కూడా సరిగ్గా లేని మరీ పాత బళ్ళలో రెండు పిన్నులు కలిపితే లైటే మిణుకుమిణుకుమంటూ కోడ్ చెప్పే పద్ధతి ఉంటుంది, అది మీ మోడల్ మాన్యువల్ చూసి మాత్రమే చేయండి, తప్పు పిన్ను కలిపితే నష్టం.

చక్రాల కోడ్లు చాలా బళ్ళలో ఇలా ఉంటాయి: సి0035 ఎడమ ముందు, సి0040 కుడి ముందు, సి0045 ఎడమ వెనక, సి0050 కుడి వెనక. కంపెనీల సొంత కోడ్లు సి1 తో మొదలవుతాయి, వాటి అర్థం బండిని బట్టి మారుతుంది. కుడి ఎడమ అంటే సీట్లో కూర్చున్నవాళ్ళ కుడి ఎడమలు, బండి ఎదురుగా నిలబడినవాళ్ళవి కాదు, ఈ పొరపాటుతో అటువైపు సెన్సర్ మార్చినవాళ్ళని చూశాను.

ఇప్పుడు అసలు మాట. కోడ్‌లో "ఎడమ ముందు సెన్సర్" అని వస్తే సెన్సర్ పోయిందని కాదు. ఆ చక్రం నుంచి రావాల్సిన పల్సు సరిగ్గా రావట్లేదని. దానికి కారణం సెన్సర్ కావచ్చు, వైరు కావచ్చు, కప్లర్, రింగు, బేరింగు, గ్యాపులో తుప్పు, చివరికి మాడ్యూల్ కూడా కావచ్చు. నా 4,200 పోయింది ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే. ఇంకో సంగతి, కోడ్లన్నీ రాసుకోకుండా చెరపనివ్వకండి, చెరిపాక ఆ సమాచారం మళ్ళీ రాదు.

నాలుగో పని: బండి నడుపుతూ నాలుగు చక్రాల స్పీడు చూడటం

స్కానర్‌లో లైవ్ డేటా (బండి నడుస్తుండగానే సెన్సర్ల అంకెలు చూపించడం) ఉంటే ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఒకరు నడపాలి, పక్కసీట్లో ఇంకొకరు స్కానర్ చూడాలి, ఇద్దరి పనీ ఒకరే చేయొద్దు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఇరవై ముప్పై కిలోమీటర్లలో వెళ్ళండి, నాలుగు అంకెలూ దాదాపు ఒకటిగా కదలాలి. తర్వాత చాలా మెల్లగా బ్రేకు వేస్తూ ఆపండి, ఇక్కడే కన్నార్పకుండా చూడాలి, మూడు చక్రాలు 8, 6, 4 అని దిగుతుంటే ఒకటి మాత్రం 8 నుంచి ఠక్కున సున్నాకి పడిపోతే ఆ చక్రం దగ్గర గ్యాపు పెరిగింది లేదా సెన్సర్ బలహీనపడింది. ఒకటి పూర్తిగా సున్నాలోనే ఉంటే పల్సే లేదు. ఒకటి 20, 20, 13, 20, 20, 13 అని చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక చోట తడబడుతుంటే రింగులో ఒక చోటే లోపం ఉందన్నమాట, పగులో విరిగిన పన్నో.

నా బండిలో కనపడింది సరిగ్గా ఈ మూడోదే. కొత్త సెన్సర్ పెట్టినా ఎడమ ముందు చక్రం అలాగే తడబడుతోంది. కొండ దిగుతున్నప్పుడు ఏ లైటూ లేకుండానే పెడల్ ఎందుకు వణికిందో అప్పుడు అర్థమైంది, ఆ తడబాటుని కంప్యూటర్ "చక్రం జారుతోంది" అని నమ్మి ప్రెషర్ తగ్గించేసింది. ఇలా తక్కువ స్పీడులో అనవసరంగా ఏబీఎస్ పనిచేయడం లైటు వెలగడంకంటే ప్రమాదం, ఎందుకంటే హెచ్చరిక ఉండదు. మీకు ఇలా అవుతుంటే దగ్గరి దూరమైనా ట్రాఫిక్‌లోకి తీసుకెళ్ళకండి.

ఐదో పని: చక్రం విప్పి టార్చితో చూడటం

సమతలంగా ఉన్న గట్టి నేల మీద బండి పెట్టండి, లేపని చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, జాకీతో లేపి, జాకీ స్టాండు పెట్టాకే చక్రం తీయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి తలా చెయ్యీ లోపల పెట్టొద్దు. బ్రేకు దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

చక్రం తీయకముందే రెండు చేతులతో పైనా కిందా పట్టుకుని ఊపండి, టకటకమని ఆడితే బేరింగు అరిగిపోయింది, బేరింగు ఆడితే రింగూ ఆడుతుంది, గ్యాపు నిలకడగా ఉండదు. అలాంటప్పుడు సెన్సర్ సంగతి తర్వాత, ముందు బేరింగు.

సెన్సర్ నుంచి బయల్దేరి వైరుని వేలితో పట్టుకుని క్లిప్పు క్లిప్పూ తడుముతూ పైదాకా వెళ్ళండి. స్టీరింగ్ తిరిగినప్పుడు మడతపడే చోట, షాకబ్జర్‌కి తగిలించిన రబ్బరు దగ్గర, వెనక అయితే యాక్సిల్ పైకీ కిందికీ కదిలే చోట ఎక్కువగా తెగుతాయి. పైన రబ్బరు బాగానే ఉండి లోపల రాగి తెగిపోయి ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది: రెండు చేతుల మధ్య అంగుళం అంగుళం పట్టుకుని మెత్తగా లాగి చూడండి, రాగి ఉన్న చోట వైరు సాగదు, తెగిన చోట రబ్బరు బ్యాండులా కొంచెం సాగుతుంది. అక్కడే ఉంది లోపం. ఎలుకలు కొరికిన గాట్లు బానెట్ లోపల, మాడ్యూల్‌కి వెళ్ళే కట్ట దగ్గర చూడండి, చెట్టుకింద రోజుల తరబడి కదలకుండా ఉన్న బళ్ళలో ఇది మామూలే.

కప్లర్ విప్పే ముందు తాళం తీసేయండి. లోపల పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాత పళ్ళబ్రష్‌తో రుద్దండి. రబ్బరు సీలు చిరిగి ఉంటే శుభ్రం చేసినా వచ్చే వానకి మళ్ళీ మొదలు. సీటు కింద వైరింగ్ వెతికేటప్పుడు పసుపు రంగు కప్లర్లు కనపడితే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

సెన్సర్ ఒకే బోల్టుతో ఉంటుంది గానీ పాత బండిలో తుప్పు పట్టి అతుక్కుపోయి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి లాగితే ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోద్ది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగి, కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయండి. తీశాక దాని కొనకి ఇనుప పొడి అంటుకుని ఉంటే గుడ్డతో తుడవండి. సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలు కట్టి సెన్సర్‌ని పైకి లేపేస్తుంది, బోల్టు బిగించినా గ్యాపు ఎక్కువైపోద్ది. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, ఉప్పుతో ఈ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. చాలా బళ్ళలో గ్యాపు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఆ మధ్యలో ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూడండి, గ్యాపు కొలవడానికి ఇత్తడి ఫీలర్ గేజ్ వాడండి, ఇనుపది అయస్కాంతానికి అంటుకుపోతుంది.

ఇక రింగు. ముందు చక్రాలకి చాలా పాత బళ్ళలో డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్ మీద బిగించి ఉంటుంది, వెనక డ్రమ్ లోపలో హబ్ మీదో. చక్రాన్ని చేత్తో చాలా మెల్లగా తిప్పుతూ టార్చి వేసి ఒక్కో పన్నూ చూడాలి, మొదలుపెట్టిన చోట సుద్దముక్కతో గీత పెట్టుకోండి, ఒక చుట్టు పూర్తయిందో లేదో తెలుస్తుంది. నాకు మొదటి చుట్టులో ఏమీ కనపడలేదు, అంతా తుప్పు రంగే. రెండో చుట్టులో ఇనుప బ్రష్‌తో రుద్దుకుంటూ వెళ్ళాను, ఒక చోట రెండు పళ్ళ మధ్య పల్లం మిగతావాటికంటే వెడల్పుగా అనిపించింది, గోరు పెట్టి గీరితే గోరు లోపలికి దిగింది. రింగు అడ్డంగా పగిలిపోయింది. రింగు కింద షాఫ్ట్ మీద తుప్పు ఉబ్బి లోపలినుంచి తోసి తోసి దాన్ని చీల్చేసింది. వెంట్రుకంత సందు, దానికోసం 38 వేల మాడ్యూల్ వేసేవాళ్ళం.

ఆ రింగు విడిగా 650కి దొరికింది. పాతదాని పళ్ళు లెక్కపెట్టి అదే లెక్కది కొనాలి, 44 ఉంటే 44, 48 ఉంటే 48, ఒక్క పన్ను తేడా వచ్చినా ఆ చక్రం స్పీడు తప్పుగా చూపిస్తుంది. షాఫ్ట్ బయటికి తీసే పని, హబ్ నట్ సరైన టార్క్‌తో (చెప్పినంత బిగింపుతో) బిగించే పని మెకానిక్‌తో చేయించాను, అది ఇంట్లో చేసేది కాదు. షాఫ్ట్ మీద తుప్పు పూర్తిగా గీకించాకే కొత్త రింగు ఎక్కించమని పక్కన నిలబడి చెప్పండి, లేకపోతే అదీ పగులుతుంది.

కొన్ని బళ్ళలో పళ్ళ రింగు ఉండదు, బేరింగు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, చూడ్డానికి మామూలు నల్ల సీలులా కనిపిస్తుంది. బేరింగు మార్చాక ఏబీఎస్ లైటు వచ్చిందంటే దాన్ని తిరగేసి బిగించారేమో అని మొదట అనుమానించండి. బిగించకముందే రెండు వైపులా చిన్న పేపర్ క్లిప్పు ఆనించి చూస్తే తెలుస్తుంది, పట్టుకున్న వైపు సెన్సర్ వైపుకి రావాలి.

ఆరో పని: మల్టీమీటర్

కంటికి ఏమీ కనపడకపోతే ఇది. ముందు మీ సెన్సర్ పాత కాయిల్ రకమో, కరెంటుతో నడిచే కొత్త రకమో తెలుసుకోవాలి, రెంటికీ రెండేసి వైర్లే ఉంటాయి కాబట్టి చూస్తే తెలియదు. కప్లర్ విప్పి, తాళం ఆన్ చేసి, బండి వైపు పిన్నుల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. దాదాపు బ్యాటరీ వోల్టేజీ వస్తే అది కరెంటుతో నడిచే కొత్త రకం. ఏమీ రాకపోయినా, ఒకటి రెండు వోల్టులే వచ్చినా పాత కాయిల్ రకం కావడానికే అవకాశం ఎక్కువ.

కాయిల్ రకానికి తాళం తీసేసి సెన్సర్ వైపు ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడండి, మామూలుగా 800 నుంచి 2000 మధ్యలో ఉంటుంది, అటువైపు చక్రం సెన్సర్‌తో పోల్చుకోవడం అన్నిటికంటే నమ్మకం. మీటరు ఓఎల్ అని చూపిస్తే లోపల తెగిపోయింది, సున్నా దగ్గర ఉంటే షార్ట్. ఒక పిన్నుకీ బండి బాడీకీ మధ్య చూస్తే ఏమీ కలవకూడదు. తర్వాత మీటరు ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి చక్రాన్ని సెకనుకి ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పండి, వంద మిల్లీవోల్టులూ ఆ పైనా రావాలి, వేగం పెంచితే పెరగాలి. ఓమ్స్ బాగుండి ఇది తక్కువగా ఉంటే సెన్సర్ మంచిదే, గ్యాపు ఎక్కువ.

కొత్త రకం సెన్సర్ మీద ఓమ్స్ మోడ్ పెట్టొద్దు, లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, మీటరు పంపే కరెంటుతో అర్థం లేని రీడింగ్ వస్తుంది, ఒక్కోసారి పాడవుతుంది కూడా. దానికి వచ్చే వోల్టేజీ ఉందా లేదా అన్నదే ముందు ప్రశ్న, లేకపోతే సెన్సర్ జోలికి వెళ్ళకండి, వైరింగే. ఉంటే రెండు జంపర్ వైర్లతో ఒక లైనులో మీటరుని మిల్లీయాంప్ మోడ్‌లో వరసగా కలిపి, చక్రాన్ని నత్తలా తిప్పితే రీడింగ్ 7 దగ్గర, 14 దగ్గర మార్చి మార్చి కనిపించాలి. మారకపోతే రింగు చూడండి, రింగు బాగుంటే అప్పుడు సెన్సర్ కొనండి. ఆ జంపర్ వైర్లు ఒకదానికొకటి గానీ బాడీకి గానీ తగలనివ్వకండి.

ఒక అలవాటు మానుకోవాలి, వైరు రబ్బరులోకి సూది గుచ్చి చూడటం. ఆ బెజ్జంలోంచి నీళ్ళు దిగి ఆర్నెల్లలో రాగి నల్లబడి పోద్ది. కప్లర్ వెనకనుంచి సన్నని పిన్ను దూర్చి చూడండి.

వైరు తెగిందని అనుమానం వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, రెండు చివరల మధ్య ఓమ్స్ చూస్తూ వైరు మధ్యమధ్యలో కదిలించండి, ఒక ఓమ్ కంటే తక్కువ నిలకడగా ఉండాలి. అతికేటప్పుడు మడతపడే చోట సోల్డర్ వేయొద్దు, అక్కడ బిరుసెక్కి పక్కనే మళ్ళీ తెగుతుంది, కదలని చోటుకి తెచ్చి క్రింప్ చేసి లోపల జిగురుండే హీట్ ష్రింక్ వేయండి. రెండు వైర్లు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిప్పి ఉంటే ఆ మెలిక అలాగే ఉంచాలి, పక్కనున్న వైర్ల కరెంటు ప్రభావం పల్సు మీద పడకుండా అది కాపాడుతుంది.

ఏడో పని: అప్పుడే పంపూ మాడ్యూలూ

నాలుగు చక్రాలూ సరిగ్గా ఉండి కోడ్ పంపు మోటారో వాల్వు రిలేనో చూపిస్తుంటే ముందు ఎర్త్ పాయింట్ వెతకండి. మాడ్యూల్ నుంచి వచ్చే లావు నల్లవైరు బాడీకి బిగించిన చోట రంగు, తుప్పు ఉంటే తీసి గీకి బిగించండి. స్కానర్‌తో పంపు తిప్పే టెస్టు పెట్టి, ఆ టైములో ఎర్త్ పాయింటుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజీ చూడండి, 0.2 దాటితే ఎర్త్ బాలేదు. ఫ్యూజు, ఎర్త్, మాడ్యూల్ కప్లర్ అన్నీ బాగుండి పంపు తిరగకపోతే అప్పుడు మాడ్యూల్‌ని అనుమానించొచ్చు.

అప్పుడు కూడా కొత్తదే దారి కాదు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన యూరప్ కార్లలో బాష్ 5.3, 5.7 యూనిట్ల లోపల అతుకులు వదిలేయడం బాగా తెలిసిన లోపం, అలాంటివి బోర్డు రిపేరు చేసేవాళ్ళు ఉన్నారు. చాలా యూనిట్లలో ఎలక్ట్రానిక్ భాగం విడిగా వస్తుంది, బ్రేకు పైపులు విప్పక్కర్లేదు. పాత సామాన్ల దగ్గర కొనేటట్టయితే లేబుల్ మీది పార్టు నంబరు అక్షరం అక్షరం కలవాలి, చూడ్డానికి ఒకేలా ఉందని తేకండి, కొన్నిటికి కోడింగ్ కూడా చేయించాలి. పైపులు విప్పాల్సి వస్తే మాత్రం అది మెకానిక్ పని, యూనిట్ లోపల చిక్కుకున్న గాలి మామూలుగా బ్లీడింగ్ (ఆయిల్‌లోంచి గాలి బయటికి తీయడం) చేస్తే పోదు, చాలా బళ్ళకి స్కానర్‌తో పంపు తిప్పుతూ చేయాలి. బ్లీడింగ్ ఎలా చేస్తారని ముందే అడగండి.

అన్నీ బిగించాక

బండి కిందికి దించాక చక్రం నట్లు సరైన టార్క్‌తో బిగించి, వైరు ప్రతి క్లిప్పులోకీ వెళ్ళిందా, స్టీరింగ్ ఈ చివరనుంచి ఆ చివరకి తిప్పితే ఎక్కడైనా లాగుతోందా చూడండి. కోడ్లు చెరపండి. కొన్ని బళ్ళలో లోపం పోయినా ఇరవై కిలోమీటర్ల స్పీడు దాటేదాకా లైటు ఆరదు, కంగారు పడొద్దు. మళ్ళీ లైవ్ డేటా పెట్టి నాలుగో పనిలో చెప్పినట్టే మెల్లగా ఆపుతూ చూడండి, నాలుగూ కలిసి సున్నాకి దిగాలి.

ఆఖరున జనం లేని, ఇసుకో సన్నకంకరో ఉన్న ఖాళీ చోట, వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకుని, సీటు బెల్టు పెట్టుకుని ముప్పై కిలోమీటర్ల స్పీడులో ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి అలాగే పట్టుకోండి. పెడల్ వణకాలి, స్టీరింగ్ మీ మాట వినాలి, లైటు వెలగకూడదు. అదే మామూలు తారురోడ్డు మీద మెల్లగా ఆపితే ఏ వణుకూ ఉండకూడదు. నేను ఈ రెండూ చూసుకున్నాక అదే సింహాచలం కొండ ఒక్కడినే ఎక్కి దిగాను, గేటు దగ్గర పది కిలోమీటర్ల స్పీడులో బ్రేకు మీద కాలు పెట్టా, పెడల్ వణక్కుండా బండి అనుకున్న చోటే ఆగింది. ఆ తర్వాత ఆదివారం అమ్మనీ పిల్లల్నీ తీసుకెళ్ళాను.